ముందు ఏది, వెనక ఏది: లాలాజల గ్రంథి దగ్గర నేర్చుకున్న పాఠాలు

నా ఉద్యోగ జీవితమంతా జీవరసాయన ల్యాబులోనే గడిచింది. అందులో ఎక్కువ భాగం ఎలుక పెరోటిడ్ గ్రంథితోనే. రిటైరయ్యాక కూడా పీహెచ్‌డీ పిల్లలు గ్రాఫులు పట్టుకుని ఇంటికి వస్తుంటారు. "మాస్టారూ, రిసెప్టర్ మీద మందు వేస్తే ఈ ఎంజైమ్ పెరిగింది, ఇది చాలదా?" అని అడుగుతారు. చాలదు. ఎందుకు చాలదో ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. డెంటల్ కాలేజీ పిల్లలకూ, నోరెండిపోయే బాధ పడుతున్నవాళ్లు ఇంట్లో ఉన్న మామూలు పాఠకులకూ ఇందులో కొంత పనికొస్తుంది.

1. రిసెప్టర్ పని చెయ్యదు, చేయిస్తుంది

నోట్లోకి రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం వస్తుంది. నూటికి 99 పాళ్లు నీళ్లే. మిగిలిన కాస్తలోనే అమైలేజ్, జిగురునిచ్చే మ్యూసిన్, లవణాలు, సూక్ష్మజీవుల్ని అడ్డుకునే ప్రొటీన్లు అన్నీ. పెద్ద గ్రంథులు మూడు జతలు: చెవుల ముందు పెరోటిడ్, దవడ కింద సబ్‌మాండిబ్యులర్, నాలుక కింద సబ్‌లింగ్వల్. వీటిలో లాలాజలాన్ని ఊరించేవి ఎసైనార్ కణాలు.

నాడి చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ వచ్చి ఈ కణం పైపొరలోని ఎం3 రిసెప్టర్ మీద కూర్చుంటుంది. రిసెప్టర్ ఒక్క చుక్క నీటిని కూడా తయారుచెయ్యదు. ఎసిటైల్‌కోలిన్‌ని మార్చదు కూడా. అది చేసేదల్లా లోపలివైపు ఉన్న జీక్యూ అనే ప్రొటీన్‌ని లేపడం. జీక్యూ లేచి ఫాస్ఫోలైపేజ్ సి అనే ఎంజైమ్‌ని లేపుతుంది. ఆ ఎంజైమ్ పొరలోనే ఉన్న పిప్2 అనే కొవ్వును రెండు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క ఐపీ3, రెండోది డీఏజీ. ఐపీ3 నీళ్లలో కరిగేది కాబట్టి లోపలికి జారి, కణంలోని కాల్షియం నిల్వల తలుపు తీస్తుంది. కాల్షియం పెరగగానే నాళం వైపు పొరలో ఉన్న టీమెమ్16ఏ అనే ద్వారం తెరుచుకుని క్లోరైడ్ బయటికి పోతుంది. దాని వెంట కణాల మధ్య సందుల్లోంచి సోడియం, ఆ లవణం వెంట ఆక్వాపోరిన్-5 దారిన నీళ్లు. అదే మనం మింగే లాలాజలం.

ఈ వరసను నోటికి పట్టించుకున్న వాళ్లు చాలామంది ఉంటారు. ప్రతి మెట్టు దగ్గరా "ఇది ముందు మెట్టు వల్లే జరిగిందని నాకెలా తెలుసు?" అని అడిగేవాళ్లు తక్కువ. నా పాఠాలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే.

2. రిసెప్టర్ అనే ఊహ పుట్టింది ఈ గ్రంథి దగ్గరే

ఇది గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి, మన పిల్లల్లో చాలామందికి తెలియదు. కేంబ్రిడ్జిలో జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ పిల్లి దవడ కింది గ్రంథి మీద రెండు మందులు వేసి చూశాడు. పైలోకార్పిన్ వేస్తే లాలాజలం ధారగా వస్తుంది. అట్రోపిన్ వేస్తే ఆగిపోతుంది. మళ్లీ పైలోకార్పిన్ ఎక్కువగా వేస్తే తిరిగి వస్తుంది. ఏది గెలుస్తుందనేది రెండింటి మోతాదుల నిష్పత్తిని బట్టి ఉంది. అంటే రెండూ ఒకే పదార్థాన్ని పట్టుకోడానికి పోటీపడుతున్నాయన్న మాట. అలాంటి పదార్థమేదో ఉండి తీరాలని 1878లో ఆయన రాశాడు. దానికి గ్రహించే పదార్థం అని పేరు పెట్టింది మాత్రం 1905లో, కండరాల మీద చేసిన పని తర్వాత.

అప్పటికి రిసెప్టర్‌ని కంటితో చూసినవాడు లేడు, విడదీసినవాడు లేడు. రెండు మందులు, ఒక గ్రంథి, చుక్కల లెక్క. అంతమాత్రంతో అంత దూరం ఆలోచించగలిగాడు. ఈనాడు లక్షల రూపాయల కిట్లు తెప్పించుకుని, అట్రోపిన్ కంట్రోల్ పెట్టడం మరిచిపోయే వాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎసిటైల్‌కోలిన్‌లా పనిచేసే కార్బకాల్ వేసినప్పుడు వచ్చిన మార్పు అట్రోపిన్ వేస్తే ఆగకపోతే, అది ఆ రిసెప్టర్ ద్వారా వచ్చింది కాదు. గ్రాఫు ఎంత అందంగా ఉన్నా సరే.

3. రెండు ఆజ్ఞల్ని ఒకటిగా కలిపెయ్యకండి

పెరోటిడ్ కణానికి ఆజ్ఞలు రెండు వైపుల నుంచి వస్తాయి. పైన చెప్పిన ఎసిటైల్‌కోలిన్ దారి ముఖ్యంగా నీళ్లను కదిలిస్తుంది. నార్‌ఎడ్రినలిన్ వచ్చి బీటా రిసెప్టర్ మీద కూర్చుంటే లేచేది వేరే ఎంజైమ్, అడినైలేట్ సైక్లేజ్. అది ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీని చేస్తుంది. దానితో ప్రొటీన్ కైనేజ్ ఏ లేచి, అమైలేజ్ నింపుకున్న గుళికలు నాళం వైపు పొరతో కలిసి ఖాళీ అయ్యేలా చేస్తుంది. ఎలుక పెరోటిడ్‌లో బీటా రిసెప్టర్‌ని లేపే ఐసోప్రెనలిన్ వేస్తే అమైలేజ్ బాగా వస్తుంది. కార్బకాల్‌తో అంత రాదు. నీళ్ల విషయంలో ఇది తలకిందులు.

ఈ రెండు దారులూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నడవవు. ప్రొటీన్ కైనేజ్ ఏ వెళ్లి ఐపీ3 రిసెప్టర్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తే, అదే మోతాదు ఐపీ3కి కాల్షియం ఎక్కువ వస్తుంది. అందుకే రెండు మందులూ కలిపి వేసినప్పుడు వచ్చే ఫలితం విడివిడి ఫలితాల కూడికకు సరిపోదు.

ఒక పాత పొరపాటు అభిప్రాయాన్ని కూడా ఇక్కడే తీసెయ్యాలి. భయంతో నాలుక పిడచకట్టుకుపోతే అది సింపతెటిక్ నాడి గ్రంథిని ఆపెయ్యడం వల్లనని పిల్లలు పరీక్షల్లో రాస్తారు. ఆ నాడి గ్రంథిని ఆపదు, అది కూడా స్రావాన్నే పుట్టిస్తుంది. భయంలో ఎండేది ఎందుకంటే మెదడులోని లాలాజల కేంద్రాలే ఎసిటైల్‌కోలిన్ నాడికి ఆజ్ఞ పంపడం తగ్గిస్తాయి. గ్రంథి బాగానే ఉంది, దానికి పిలుపే అందలేదు.

4. కారణమా, ఫలితమా

ఈ రంగంలో ముప్ఫై ఏళ్లు నలిగిన ప్రశ్న ఇది.

1953లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ దంపతులు పావురం క్లోమ గ్రంథి ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ తగిలించి, రేడియోధార్మిక ఫాస్ఫరస్ పొరలోని ఫాస్ఫోలిపిడ్లలోకి చకచకా చేరడం చూశారు. రిసెప్టర్ లేస్తే పొర కొవ్వు కదులుతుంది. సరే, ఎందుకు? చాలాకాలం సమాధానం రాలేదు. స్రావం జరుగుతోంది కాబట్టి పొర మరమ్మతు అవుతోందేమో అనుకోవచ్చు. కాల్షియం పెరగడం వల్ల ఏదో ఎంజైమ్ లేచి కొవ్వును కోస్తోందేమో అనీ అనుకోవచ్చు. అప్పుడది ఫలితం అవుతుంది, కారణం కాదు.

1975లో బర్మింగ్‌హామ్‌లో రాబర్ట్ మిషెల్ అప్పటిదాకా అందరూ చేసిన ప్రయోగాలను ఒకచోట చేర్చి తూచాడు. కాల్షియం లేకుండా చేసినా చాలా కణజాలాల్లో ఆ కొవ్వు విరుగుతూనే ఉంది. కాబట్టి కొవ్వు విరగడమే ముందు, కాల్షియం వెనక అని వాదించాడు. చాలామంది ఒప్పుకోలేదు. వాదం బాగుంది, కానీ నేరుగా చూపించిన ప్రయోగం కావాలి.

ఆ ప్రయోగం వచ్చింది ఈగ నుంచి. మాంసం మీద వాలే బ్లోఫ్లై ఈగ లాలాజల గ్రంథి సన్నటి గొట్టం. కేంబ్రిడ్జిలో మైకేల్ బెర్రిడ్జ్ దాన్ని సెలైన్ చుక్కలో పెట్టి, పైన లిక్విడ్ పారఫిన్ పోసి, గొట్టం ఒక కొసను నూనెలోకి లాగి ఉంచేవాడు. సెరటోనిన్ తగిలించగానే ఆ కొస దగ్గర లాలాజలం గుండ్రటి చుక్కలుగా చేరేది. నూనెలో చుక్క ఆరిపోదు. మైక్రోస్కోపు కింద దాని అడ్డుకొలత చూస్తే ఘనపరిమాణం తెలిసిపోతుంది. ఖరీదైన యంత్రమేదీ లేకుండా నిమిషాల లెక్కన స్రావం కొలిచే ఏర్పాటు అది. రిసెప్టర్ మాట వినే కణాలు తప్ప ఆ గొట్టంలో మరో గందరగోళం లేదు. ప్రశ్నకు తగ్గ ప్రాణిని ఎంచుకోవడం అంటే ఇదీ.

1979లో జాన్ ఫెయిన్‌తో కలిసి ఆయన చేసిన పని నాకు చాలా ఇష్టం. గ్రంథికి సెరటోనిన్ ఎక్కువ మోతాదులో గంటల తరబడి తగిలిస్తే పొరలోని ఇనోసిటాల్ కొవ్వు తరిగిపోయింది. దానితోపాటే కాల్షియం స్పందన చచ్చిపోయింది. తర్వాత ఇనోసిటాల్ ఉన్న ద్రావణంలో నానబెడితే స్పందన తిరిగి లేచింది. కొవ్వు తీసేస్తే పోయింది, పెడితే వచ్చింది. కాల్షియానికి ఆ కొవ్వు అవసరమన్న మాట గట్టిపడింది.

ఇంకో ముడి మిగిలింది. పొరలో ఇనోసిటాల్ కొవ్వులు మూడు రకాలు. ఎక్కువగా ఉండేది సాదా పీఐ. ఫాస్ఫేట్లు అదనంగా తగిలించుకున్న పిప్, పిప్2 చాలా తక్కువ. అందరి కళ్లూ పీఐ మీదే. 1983లో బెర్రిడ్జ్ సెకన్ల లెక్కన గ్రంథులను ఆపి లోపల ఏమున్నదీ చూశాడు. ఐపీ3, ఐపీ2 ఆలస్యమే లేకుండా పెరిగాయి. ఐపీ1, ఇనోసిటాల్ వాటి వెనక పెరిగాయి. పీఐ ముందు విరిగితే దాని ముక్క అయిన, ఒక్క ఫాస్ఫేటే ఉన్న ఐపీ1 ముందు రావాలి. రాలేదు. విరిగేది పిప్2 అని తేలిపోయింది. అదే ఏడాది బెర్రిడ్జ్, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హాన్స్‌పీటర్ ష్ట్రెబ్, ఐరీన్ షుల్జ్‌లతోనూ, రాబిన్ ఇర్విన్‌తోనూ కలిసి, పొరకు చిల్లులు పెట్టిన క్లోమ కణాలకు ఐపీ3 ఇస్తే మైటోకాండ్రియా కాని మరో నిల్వ నుంచి కాల్షియం బయటికి వస్తుందని చూపించాడు. ముప్ఫై ఏళ్ల ప్రశ్నకు జవాబు అలా దొరికింది.

గుర్తుంచుకోవాల్సింది ఐపీ3 అనే పేరు కాదు. ఐదో నిమిషంలో మాత్రమే కొలిస్తే ఐపీ1 పెద్దదిగా కనిపించి అందరినీ తప్పుదారి పట్టించేది. మీ మొదటి కొలత ఎప్పుడు తీసుకున్నారని నేను ప్రతి పిల్లవాణ్నీ అడిగేది అందుకే.

5. కాలవ చూడాలంటే దిగువన కట్ట వెయ్యాలి

ఐపీ3 పుట్టీ పుట్టగానే విరిగిపోతుంది. ఫాస్ఫేటేజ్ ఎంజైమ్‌లు ఒక్కొక్క ఫాస్ఫేటే తీసేస్తూ చివరికి ఇనోసిటాల్‌గా మార్చేస్తాయి. పారే కాలవలో నీళ్లెన్ని పోయాయో గట్టున నిలబడి చెప్పలేం. దిగువన అడ్డుకట్ట వేస్తే తెలుస్తుంది. లిథియం సరిగ్గా ఆ పని చేస్తుంది. చివరి మెట్టు ఎంజైమ్‌ని అది పట్టి ఉంచడం వల్ల ఐపీ1 పేరుకుంటుంది. బెర్రిడ్జ్, డౌన్స్, హాన్లీ 1982లో మెదడు ముక్కల మీదా లాలాజల గ్రంథుల మీదా ఇది వాడి చూపించారు. మానసిక వైద్యంలో వాడే లిథియం పనిచేసేది ఈ దారినేనా అన్న ఊహ కూడా అప్పుడే వచ్చింది. దాని మీద చర్చ ఇంకా నడుస్తోంది.

జాగ్రత్త ఒకటే. కట్ట వేశాక కనిపించేది మొత్తం పారిన నీరు. ఎప్పుడు పారిందో అది చెప్పదు. లిథియం పెట్టిన ప్రయోగంతో "ముందు ఏది" తేల్చకండి.

6. అడగకుండా వచ్చినదాన్ని ముందు లెక్కకట్టండి

ఇది బల్ల దగ్గరి పాఠం. ఎలుక పెరోటిడ్ మెత్తగా, లేత గులాబీ రంగులో, చుట్టూ కొవ్వుతో కలిసిపోయి ఉంటుంది. పక్కనే లింఫ్ గ్రంథులు. తొందరపడి కోస్తే వాటిని కూడా తెచ్చేస్తారు. శుభ్రం చేసి, సన్నటి కత్తెరతో తరిగి, కొలాజినేజ్ ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర ఊపుతూ, ఆక్సిజన్‌లో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన వాయువు పంపుతూ ఉండాలి. కాసేపటికి కణాలు చిన్న చిన్న గుత్తులుగా విడిపోతాయి. పిపెట్ మూతి ఇరుకైతే ఆ గుత్తులు నలిగి చస్తాయి.

చచ్చిన కణం నుంచి అమైలేజ్ ఆజ్ఞ లేకుండానే కారిపోతుంది. స్టార్చ్‌కి అయోడిన్ కలిపిన గొట్టంలో నీలం రంగు విరగడం చూసి ఐసోప్రెనలిన్ బ్రహ్మాండంగా పనిచేసిందని మురిసిపోకూడదు. మందు వెయ్యని గొట్టంలో ఎంత కారింది? లాక్టేట్ డీహైడ్రోజినేజ్ ఎంత బయటికొచ్చింది? అది గుళికల్లో ఉండదు, కణం పగిలితేనే వస్తుంది. గొట్టంలో మిగిలిన కణాలను పగలగొట్టి మొత్తం అమైలేజ్ కూడా కొలిచి, బయటికొచ్చినది అందులో ఎంత శాతమో రాయండి. ఈ మూడూ లేని గ్రాఫును నేను చదవను.

ఫాస్ఫేట్ కొలిచేటప్పుడు మరో చిక్కు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి ఇవాళ్టికీ ల్యాబుల్లో ఉంది. మాలిబ్డేట్ కలిపి క్షయకరణం చేస్తే ఫాస్ఫేట్ ఉన్నంత మేరకు నీలం వస్తుంది. పొర కొవ్వును ఆమ్లంతో పూర్తిగా విరగ్గొట్టి అందులో ఫాస్ఫరస్ ఎంతో ఈ నీలంతో చూస్తాం. ఫాస్ఫేట్ ఉన్న సబ్బుపొడితో గొట్టాలు కడిగితే మాత్రం ఖాళీ గొట్టం కూడా నీలమవుతుంది. ఆమ్లంతో కడగండి, డిస్టిల్డ్ వాటర్‌తో పదేపదే తొలచండి. ఒక తెలుగువాడి పేరున్న పద్ధతిని మన ల్యాబుల్లోనే అశ్రద్ధగా చేస్తే నాకు మనసొప్పదు.

7. ఎంత అనేదే కాదు, ఎక్కడ అనేది కూడా

నిదానంగా ఉన్న కణంలో కాల్షియం బయట ఉన్నదానిలో దాదాపు పదివేలవ వంతు. ఫ్యూరా-2 లాంటి మెరిసే రంగులు వచ్చాక అది ఎక్కడ పెరుగుతుందో కంటితో చూడగలిగాం. ఎసైనార్ కణంలో ఐపీ3 రిసెప్టర్లు నాళం వైపు మూలలో గుమిగూడి ఉంటాయి. కాల్షియం తరంగం అక్కడే మొదలై వెనక్కి పాకుతుంది. క్లోరైడ్ ద్వారం కూడా అటువైపే ఉంది కదా. నిల్వ ఖాళీ అయితే బయటి కాల్షియం లోపలికి వచ్చే ఏర్పాటు వేరే ఉంది. జేమ్స్ పట్నీ 1986లో ఆ ఊహను ముందుకు తెచ్చాడు. పెరోటిడ్ కణాలతో ఆయన అంతకుముందు చేసిన పని దానికి పునాది.

జపాన్‌లో మికోషిబా బృందం 2005లో రెండో రకం, మూడో రకం ఐపీ3 రిసెప్టర్లు రెండూ లేని ఎలుకల్ని పెంచింది. ఒక్కటే లేకపోతే ఎలుక నెట్టుకొచ్చింది. రెండూ లేకపోతే లాలాజలమూ, క్లోమరసమూ దాదాపు లేవు. తల్లిపాలు మానాక పొడి మేత తినలేక చిక్కిపోయాయి. మేతను తడిపి పెడితే బతికాయి. నీళ్లు కలిపిన మేత చాలు, ప్రాణం నిలిచింది! ఐపీ3 దారి ఎంత ముఖ్యమో ఇంతకంటే స్పష్టంగా చెప్పిన ప్రయోగం నేను చూడలేదు.

8. ఆపడం కూడా ఎంజైమ్ పనే

పత్తి చేలల్లో, మిరప తోటల్లో ఆర్గానోఫాస్ఫేట్ మందులు కొట్టే ఊళ్లలో ఏ నర్సునడిగినా చెబుతుంది: పురుగుమందు విషం ఎక్కినవాడి నోట్లోంచి చొంగ ధారగా కారుతుంది, కంటి పాపలు సూదిమొనంత అవుతాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు గురగుర వినిపిస్తుంది. ఆ మందు రిసెప్టర్‌ని తాకదు. ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని చంపేస్తుంది. ఆజ్ఞ వచ్చింది, ఆజ్ఞను చెరిపేవాడు లేడు. ఎం3 లేచే ఉంది, ఫాస్ఫోలైపేజ్ కోస్తూనే ఉంది.

విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ వచ్చి రిసెప్టర్ మీద కూర్చుంటుంది, కానీ దాన్ని లేపదు. లాంగ్లీ పిల్లిలో చూసిన పోటీయే ఇక్కడ ప్రాణం నిలుపుతుంది. మోతాదు చాలిందా లేదా అనేది కంటి పాపను చూసి తేల్చకూడదు. ఊపిరితిత్తుల శబ్దం శుభ్రపడిందా, చెమట ఆగిందా, నాడి వేగం పుంజుకుందా అని చూడాలి. విషం తిన్న, పీల్చిన మనిషిని క్షణం ఆలస్యం లేకుండా ఆస్పత్రికి చేర్చాలి. సీసా కూడా వెంట తీసుకెళ్లాలి.

9. నోరు ఎండుతోందంటే మందుల చీటీ చూడండి

ముద్ద ముద్దకూ నీళ్లు తాగితే తప్ప అన్నం దిగదనీ, జంతిక నోట్లో పెట్టుకుంటే గుచ్చుకుంటోందనీ పెద్దవాళ్లు చెబుతారు. వయసు మీద తోసెయ్యకండి. పాత రకం అలర్జీ మాత్రలు, ఎమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే మాత్రలు చాలావరకు మస్కరినిక్ రిసెప్టర్లను మూసేస్తాయి. ఉమ్మెత్త తిన్నవాళ్లకు నోరెండినట్టే. ఇలాంటివి రెండు మూడు కలిస్తే గ్రంథి బాగున్నా నోరు ఎడారి అవుతుంది. మాత్ర మీరు సొంతంగా ఆపొద్దు, డాక్టరుకు చీటీ మొత్తం చూపించండి. లాలాజలం తగ్గితే పళ్ల మొదళ్లు పుచ్చిపోతాయి కనుక పంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాలి.

10. ఆజ్ఞ వినే కణం మిగిలి ఉందా?

స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో వివరించిన జబ్బులో, ఎక్కువగా ఆడవాళ్లలో, కళ్లూ నోరూ ఎండిపోతాయి. తెల్లకణాలు గ్రంథిలోకి చొరబడతాయి. కణాలు చావడం వల్లే ఎండుతుందని చెప్పేస్తే సులువు. కానీ చాలామందిలో ఎసైనార్ కణాలు ఇంకా బోలెడు మిగిలి ఉండగానే ఊట పడిపోతుంది. కొందరి రక్తంలో ఎం3 రిసెప్టర్‌ని పట్టుకునే యాంటీబాడీలు కనిపించాయి. ముందు సిగ్నల్ చెడి తర్వాత కణం చస్తోందా, లేక తిరగబడి ఉందా? మళ్లీ అదే ప్రశ్న.

గొంతు, నోటి క్యాన్సర్లకు రేడియేషన్ ఇచ్చినప్పుడూ ఇంతే. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలి క్యాన్సర్ మొదలుకుని గుట్కా తెచ్చే దవడ క్యాన్సర్ దాకా, మన దగ్గర ఈ వైద్యం అవసరమయ్యే వాళ్లు తక్కువేం కాదు. కొద్ది రోజుల్లోనే, కణాల సంఖ్య తగ్గకముందే, లాలాజలం తగ్గుతుంది. పైలోకార్పిన్ మాత్రలకు అమెరికాలో 1994లో ఈ అవసరానికే అనుమతి దొరికింది. కణాలు మిగిలిన వాళ్లకు అవి పనికొస్తాయి, చెమట బాగా పోయిస్తాయి. కణాలే లేనివాళ్లకు ఎంత ఇచ్చినా వినేవాడు లేడు.

అందుకే కొందరు వేరే దారి పట్టారు. మామూలుగా నీటిని బయటికి వదలని నాళపు కణాల్లోకి ఆక్వాపోరిన్-1 జన్యువును వైరస్ ద్వారా పంపారు. అమెరికాలో బ్రూస్ బామ్ బృందం మనుషుల్లో చేసిన మొదటి చిన్న ప్రయోగం ఫలితాలు 2012లో వచ్చాయి, కొందరిలో ఊట పెరిగింది. ఆ కణాలకు నాడి ఆజ్ఞ ఎంతవరకు అందుతోంది, తింటున్నప్పుడు ఊట పెరుగుతోందా, రాత్రీ పగలూ ఒకేలా వస్తోందా, దాని వెనక ఏ ఎంజైమ్ లేస్తోంది? ఈ దారిలోకి కొత్తగా వచ్చే పిల్లలు మొదట కొలవాల్సినవి ఇవి. కొలత మాత్రం మొదటి నిమిషం నుంచే తీసుకోండి.